మెంటరింగ్ జత ఎంతకాలం నిలిచింది? స్ప్రెడ్‌షీట్‌లో సరిగా లెక్కించే పద్ధతి

నమస్కారం. పిల్లలకు, యువతకు పెద్దవారిని మెంటర్లుగా జతచేసే కార్యక్రమాలను సమన్వయం చేస్తున్నవారి కోసం ఈ వీడియో చేస్తున్నాను. ఒక్కొక్క జత ఎన్ని నెలలు నిలిచిందో, ఎంతమంది ఏడాది దాటారో లెక్కించే షీట్‌ను ఇప్పుడు తయారు చేద్దాం. తెరమీద కనిపిస్తున్న ఇరవై జతల వివరాలు సాధన కోసం నేను కల్పించినవే. ఏ కార్యక్రమానికీ చెందినవి కావు.

మొదట కాలమ్‌లకు పేర్లు పెడుతున్నాను. జత సంఖ్య, మెంటర్ కోడ్, పిల్లల కోడ్, మొదటి కలయిక తేదీ, ముగింపు తేదీ, ముగింపు కారణం, నెలలు. ఈ షీట్‌లో ఎవరి పేరూ రాయకండి. ఏ కోడ్ ఎవరిదో తెలిపే జాబితా వేరే ఫైల్‌లో, పాస్‌వర్డ్ వెనుక ఉండాలి. తేదీలున్న రెండు కాలమ్‌లనూ ఎంచుకొని, ఇదిగో ఇక్కడ, ఫార్మాట్‌ను తేదీగా మార్చాను. ఈరోజు తేదీ వేయాలంటే కంట్రోల్ మీట పట్టుకొని సెమికోలన్ నొక్కితే చాలు. క్యాలెండర్ తెరిచి రోజును వెతికే పద్ధతి నాకు ఎన్నడూ నచ్చలేదు.

మొదటి కలయిక తేదీ అన్నాను, జత కుదిరిన తేదీ అనలేదని గమనించండి. కాగితంమీద జత కుదిరాక ఇద్దరూ నిజంగా కలుసుకోవడానికి కొన్నిసార్లు వారాలు పడుతుంది. అలాగే ముగింపు తేదీ అంటే ఆ ఇద్దరూ చివరిసారి కలిసిన రోజు. మనం ఫైల్ మూసిన రోజు కాదు.

కాలం గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, దాని వెనుక గట్టి పరిశోధన ఉంది. అమెరికాలో పిల్లలకు మెంటర్లను జతచేసే బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సంస్థకు చెందిన 8 కేంద్రాల్లో, 10 నుంచి 16 ఏళ్ల వయసున్న 959 మందిని యాదృచ్ఛికంగా రెండు బృందాలు చేసి, ఒక బృందానికి మెంటర్లను ఇచ్చి, మరో బృందాన్ని నిరీక్షణ జాబితాలో ఉంచి, 18 నెలల తర్వాత రెండింటినీ పోల్చారు. 1995లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, మెంటర్ ఉన్న బృందంలో మాదకద్రవ్యాల వాడకం మొదలుపెట్టే అవకాశం 46 శాతం తక్కువగా ఉంది. తర్వాత 2002లో జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే పరిశోధకులు అదే సమాచారాన్ని జతల కాలవ్యవధి ప్రకారం విడదీసి చూశారు. ఏడాది లేదా అంతకుమించి నిలిచిన జతల్లో మేలు ఎక్కువగా కనిపించింది. మూడు నెలల లోపే తెగిపోయిన జతల్లో మాత్రం పిల్లలకు తమమీద తమకున్న గౌరవం, చదవగలమన్న నమ్మకం తగ్గాయి. అంటే, త్వరగా తెగిన జత ఫలితంలేని జత మాత్రమే కాదు, హాని చేయగల జత కూడా.

ఇక నెలల కాలమ్‌కు వద్దాం. జి2 సెల్‌లో, రెండు తేదీల మధ్య తేడాను లెక్కించే డేట్‌డిఫ్ సూత్రం రాస్తున్నాను. మొదటి తేదీ డి2, రెండో తేదీ ఇ2, ఆపైన కొటేషన్లలో ఎమ్ అక్షరం, అంటే నిండిన నెలలు. ఎక్సెల్‌లో ఈ సూత్రం సూచనల జాబితాలో కనిపించదు, కాబట్టి పేరు పూర్తిగా టైపు చేయాలి. ఇంకా కొనసాగుతున్న జతకు ముగింపు తేదీ ఉండదు కనుక, ఇ2 ఖాళీగా ఉంటే ఈరోజు తేదీ తీసుకోమని ఇఫ్, టుడే కలిపి రాశాను. కిందికి లాగాను. అన్ని వరుసలూ నిండాయి.

ఇప్పుడు నిదానంగా చూడాల్సిన చోటికి వచ్చాం. నేను దెబ్బతిన్నది ఇక్కడే. చాలా కాలం క్రితం ఒక కార్యక్రమానికి నివేదిక తయారు చేస్తూ, షీట్ చక్కగా కనిపించాలని ముగిసిన జతలన్నింటినీ వేరే షీట్‌లోకి తరలించాను. ఆ తర్వాత మిగిలిన వరుసలతోనే లెక్క వేశాను. ఇప్పుడు మీ ఎదుట అదే తప్పు మళ్లీ చేస్తాను. ఈ ఇరవైలో ఏడాది కంటే ముందు మొదలైన జతలు 12. వాటిలో 5 జతలు ఏడాది నిండకముందే ముగిశాయి. ఆ 5 వరుసలను తీసేస్తున్నాను, చూడండి. ఏడాది కంటే ముందు మొదలైనవి ఇప్పుడు 7, ఏడాది దాటినవి కూడా 7. నూటికి నూరు! ఇంత గొప్ప అంకె వచ్చినప్పుడు అనుమానించాలి. అప్పుడు నేను అనుమానించలేదు, సంబరపడ్డాను.

వెనక్కి వెళ్తున్నాను. కంట్రోల్, జెడ్. వరుసలు తిరిగి వచ్చాయి. ఇప్పుడు సరైన లెక్క. కౌంట్‌ఇఫ్స్ సూత్రంతో, మొదటి కలయిక తేదీ పన్నెండు నెలల క్రితమో అంతకంటే ముందో ఉన్న జతలను లెక్కిస్తున్నాను. ఆ గడువు తేదీని ఇడేట్ సూత్రం ఇస్తుంది. 12 వచ్చింది. పక్క సెల్‌లో అదే షరతుకు, నెలలు 12 లేదా అంతకంటే ఎక్కువ అన్న మరో షరతు చేర్చాను. 7 వచ్చింది. ఏడును పన్నెండుతో భాగిస్తే సుమారు 58 శాతం. ఇంకా ఏడాది నిండే అవకాశమే రాని మిగతా 8 కొత్త జతలను ఈ భాగహారంలో కలపకూడదు. వాటిని కలిపితే అంకె అన్యాయంగా పడిపోతుంది. ముగిసినవాటిని తీసేస్తే అన్యాయంగా పెరుగుతుంది. మీది పాఠశాలలో నడిచే కార్యక్రమమైతే పన్నెండుకు బదులు విద్యా సంవత్సరపు నెలలు వేసుకోండి.

ముందూ తర్వాతా నింపించే ప్రశ్నావళుల్లోనూ ఇదే చిక్కు ఉంది, ఎందుకంటే చివరి ప్రశ్నావళి నింపేది చివరిదాకా ఉన్నవారే. 2019లో రపోసా అనే పరిశోధకురాలి బృందం 70 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు మెంటరింగ్ సగటు ప్రభావం 0.21 ప్రామాణిక విచలనాలుగా తేలింది. ప్రామాణిక విచలనం అంటే, అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. నిజంగానే ఉన్న ప్రభావం అంత చిన్నదైనప్పుడు, ఐదు వరుసలు తప్పిపోతే దానికంటే పెద్ద భ్రమ పుడుతుంది.

సంతృప్తి మార్కుల కాలమ్ కూడా చేర్చమని కొందరు అడుగుతారు. చేర్చుకోండి, కానీ ఫలితాల కాలమ్ పక్కన పెట్టకండి. మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనంలో 506 మంది అబ్బాయిలు ఉన్నారు. వారిలో సగం మందికి సలహాదారులు కొన్నేళ్లపాటు సాయం చేశారు, మిగతా సగానికి చేయలేదు. జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు 1978లో ప్రచురించిన తదుపరి పరిశీలనలో, సాయం పొందినవారిలో మూడింట రెండు వంతుల మంది తమకు మేలు జరిగిందనే చెప్పారు. నేరాలు, మద్యపానం, ఆరోగ్యం వంటి కొలతల్లో మాత్రం సాయం పొందనివారికంటే వారి స్థితే హీనంగా తేలింది.

చివరిగా ముగింపు కారణం. ఈ కాలమ్‌ను ఎంచుకొని, సెల్‌లో ఏవి రాయవచ్చో నిర్ణయించే డేటా వాలిడేషన్‌లో జాబితా పెడుతున్నాను: మెంటర్ మానుకున్నారు, పిల్లలు మానుకున్నారు, కుటుంబం వేరే ఊరు వెళ్లింది, ఒప్పుకున్న గడువు పూర్తయింది. ‘ఇతర’ అన్న ఎంపికను కావాలనే పెట్టలేదు, అది ఉంటే సగం వరుసల్లో అదే చేరుతుంది. జాబితాలో లేని కారణం ఎదురైతే కొత్తది చేర్చండి. సేవ్ చేశాను, ఖాళీ షీట్ లింకు వీడియో కింద ఉంది.