వోల్టేజీ తగ్గితే మోటారు ఎందుకు కాలుతుంది?

[దృశ్యం: అనంతపురం దగ్గర ఒక చీనీ (బత్తాయి) తోట. గట్టు మీద విప్పి పెట్టిన మోటారు. నల్లబడిన రాగి చుట్ల మీద కెమెరా ఆగుతుంది.]

నమస్కారం. ఈ చుట్లు ఒకసారి చూడండి. ఎర్రగా మెరవాల్సిన రాగి బొగ్గులా మారింది. దగ్గరికి వెళితే, చుట్లు ఒకదానికొకటి తగలకుండా తీగకు పూసిన వార్నిష్ కాలిన వాసన ఇంకా వస్తోంది. ఎలా కాలిందని రైతును అడిగితే ఒకటే మాట: "లో వోల్టేజీ సార్."

పదో తరగతి పిల్లలు ఇక్కడే నన్ను నిలదీస్తారు. ఓమ్ నియమం ప్రకారం వోల్టేజీ తగ్గితే కరెంటు తగ్గాలి, కరెంటు తగ్గితే వేడీ తగ్గాలి. మరి మోటారు కాలడమేమిటి? ఈ ప్రశ్న అడిగిన పిల్లలంటే నాకు చాలా గౌరవం. పాఠాన్ని పొలం దాకా తీసుకువెళ్లినవాళ్లకే ఇలాంటి సందేహం వస్తుంది.

[బోర్డు మీద: కరెంటు = ఆవేశం ÷ కాలం]

తీగలో ఒక చోట సెకనుకు ఒక కులూంబ్ ఆవేశం దాటితే అది ఒక ఆంపియర్. ఒక కులూంబ్ అంటే సుమారు 62,400 కోట్ల కోట్ల ఎలక్ట్రాన్ల ఆవేశం. వోల్టేజీ అంటే ఒక్కో కులూంబ్‌కు జరిగే పని. ఒక కులూంబ్‌కు ఒక జౌల్ పని జరిగితే ఒక వోల్ట్.

[బోర్డు మీద: వోల్టేజీ = కరెంటు × నిరోధం]

జర్మనీకి చెందిన జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన నియమం ఇది. దీనికి ఒక షరతు ఉంది: వాహకం ఉష్ణోగ్రత మారకూడదు. పరీక్షలో చాలామంది ఈ మాట రాయడం మరిచిపోతారు.

ఇప్పుడు తోటలోకి వద్దాం. ట్రాన్స్‌ఫార్మరు నుంచి బోరు 300 మీటర్ల దూరం. లెక్క సులువుగా ఉండేందుకు సింగిల్ ఫేజ్ మోటారు, 8 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి తీగ పొడవు 600 మీటర్లు. అల్యూమినియం తీగ, అడ్డుకోత 4 చదరపు మిల్లీమీటర్లు.

[బోర్డు మీద: నిరోధం = విశిష్ట నిరోధం × పొడవు ÷ అడ్డుకోత వైశాల్యం]

విశిష్ట నిరోధం అంటే ఒక పదార్థం కరెంటును ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే కొలత. అల్యూమినియానికి అది సుమారు 2.8 × 10⁻⁸ ఓమ్ మీటర్. లెక్క కడితే తీగ నిరోధం 4.2 ఓమ్‌లు. దాన్ని 8తో గుణిస్తే 33.6 వోల్టులు. అంటే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 230 ఉన్నా మోటారు దగ్గరికి చేరేది దాదాపు 196 మాత్రమే. దారిలో తీగే మింగేసింది! కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే ఆ తీగలో వేడిగా పోతున్నది సుమారు 269 వాట్లు. తొమ్మిది గంటలు నడిస్తే 2.4 యూనిట్లు. పంటకు ఒక్క చుక్క నీరు పోయకుండా పోయిన విద్యుత్తు అది. ఇక వేసవిలో ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద మోటార్లన్నీ ఒకేసారి నడిస్తే అక్కడే 230 ఉండదు.

[దృశ్యం: మోటారు లోపలి బొమ్మ. తిరిగే అయస్కాంత క్షేత్రం, దాని వెనకే రోటరు.]

పిల్లల ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. మోటారు ఇస్త్రీపెట్టె లాంటిది కాదు. ఇస్త్రీపెట్టెకు వోల్టేజీ తగ్గితే కరెంటు తగ్గుతుంది, నిజమే. మోటారు చుట్లలో పుట్టే అయస్కాంత క్షేత్రం తిరుగుతుంటే లోపల తిరిగే భాగమైన రోటరు కాస్త వెనకబడి దాన్ని అనుసరిస్తుంది. వోల్టేజీ తగ్గితే క్షేత్రం బలహీనపడుతుంది. కానీ బోరులో నీటి లోతు తగ్గదు, పైకి ఎత్తాల్సిన బరువు అదే. రోటరు మరింత వెనకబడుతుంది. ఎంత వెనకబడితే దానిలో అంత ఎక్కువ కరెంటు ప్రేరితమవుతుంది. ఆ అదనపు భారం మోటారు చుట్ల మీద పడి, అవి లైను నుంచి ఎక్కువ కరెంటు లాగుతాయి.

8 ఆంపియర్లు 10 అయ్యాయనుకోండి. పెరిగింది నాలుగో వంతే. కానీ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి చుట్లలో వేడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. 10 ఆంపియర్లకు తీగలో పోయేది 42 వోల్టులు. మోటారుకు ఇంకా తక్కువ వోల్టేజీ, దాంతో ఇంకా ఎక్కువ కరెంటు. ఇలాగే నడుస్తూ పోతే వార్నిష్ కాలిపోయి చుట్లు ఒకదానికొకటి తగులుతాయి.

కరెంటు మోతాదు దాటితే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలే స్టార్టరులో ఉంటుంది. అది మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి నేరుగా కలిపేవారిని చూస్తే నాకు గుండె జారిపోతుంది. దయచేసి అలా చేయకండి. అది పడిపోయి మీ మోటారును కాపాడుతోంది.

[దృశ్యం: తోటలో కొత్త తీగ లాగుతున్నారు.]

అదే దూరానికి 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నిరోధం 1.68 ఓమ్‌లు. ఎనిమిది ఆంపియర్లకు తీగలో పోయేది 13.4 వోల్టులే.

[దృశ్యం: స్టార్టరు మీద వోల్ట్‌మీటరు. ముల్లు 216 దగ్గర నిలబడుతుంది. డ్రిప్పు పైపుల్లోంచి చీనీ మొక్కల మొదళ్లలోకి నీరు.]