శివారు జట్టుకి నీళ్ళెవరిస్తారు?

[దృశ్యం: పంట కాలువ గట్టు. వెనక వరి చేలు. మాట్లాడే మనిషి గట్టు మీద నిలబడి ఉన్నాడు.]

నమస్కారమండి. మార్చి నెల, దాళ్వా, అంటే రెండో పంట వరి, పొట్ట దశలో ఉంది. నా కాళ్ళ దగ్గరున్న ఈ బోదె, అదే పిల్ల కాలువ, చూడండి. దిగితే చీలమండ తడవదు. నాలుగు కిలోమీటర్లు ఎగువకి వెళ్తే లాకుల దగ్గర ఇదే కాలువ నిండుగా పారుతోంది. అక్కడి రైతు తూము ఎత్తేసి ఇంటికెళ్ళి పడుకుంటాడు. ఇక్కడి రైతు రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని గట్ల మీద తిరుగుతాడు. శివారు పొలం అంటే ఇదండి.

వ్యవసాయం వీడియో అనుకుని వెళ్ళిపోకండి. ఇవాళ చెప్పేది ఐపీఎల్, కబడ్డీ, అమెరికా బేస్‌బాల్ గురించే. లీగుల్లో డబ్బు ఎటు పారుతుందో చెప్పడానికి నాకు ఈ కాలువ కంటే మంచి బొమ్మ దొరకలేదు.

[దృశ్యం: ఖాళీ చేలో గీసిన పిచ్, షామియానా, మైకు.]

ముందు మా ఊరి సంగతి. సంక్రాంతికి మా దగ్గర టెన్నిస్ బాల్ టోర్నమెంట్ జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పన్నెండు జట్లు వచ్చేవి. కొన్నేళ్ళ కిందట, రొయ్యల చెరువులున్న ఒకాయన తన ఊరి జట్టుకి స్పాన్సర్‌గా దిగాడు. కాకినాడ నుంచి ఒక బౌలర్ని, రాజమండ్రి నుంచి ఇద్దరు బ్యాటర్లని తెప్పించాడు. మ్యాచ్‌కి ఇంత అని డబ్బు, రానుపోను కారు. ఆ ఏడు ఫైనల్లో అవతలి జట్టు మొదటి రెండు ఓవర్లలోనే ఐదు వికెట్లు పారేసుకుంది. మైకులో కామెంటరీ చెప్పే కుర్రాడికి చెప్పడానికేమీ లేక చందాలిచ్చిన వాళ్ళ పేర్లు మళ్ళీ మళ్ళీ చదివాడు. మరుసటేడు కూడా అదే జట్టు, అదే కథ. మూడో ఏడు పన్నెండింటికి ఏడు జట్లే వచ్చాయి. బజ్జీల బండాయన అసలు రానే లేదు, కోడిపందేల వైపు వెళ్ళిపోయాడు.

కిరాణా కొట్టువాడికి ఎదురు కొట్టు మూతపడితే పండగ. ఆటలో అలా కాదు. ఎదుటి జట్టు బతికుండాలి, గట్టిగా కూడా ఉండాలి. లేకపోతే టిక్కెట్టు ఎవడు కొంటాడు? సైమన్ రాటెన్‌బర్గ్ అనే ఆర్థికవేత్త 1956లోనే బేస్‌బాల్ మీద రాస్తూ ఈ మాట చెప్పాడు. ఎవరు గెలుస్తారో తెలియకపోవడం, జనం దాని కోసమే డబ్బిచ్చి వస్తారని.

[స్క్రీన్ మీద: 120 కోట్లు]

మరి దాన్ని ఎలా కాపాడాలి? మనకి బాగా తెలిసిన మందు, ఖర్చుకి గీత గీయడం. ఐపీఎల్ 2008లో మొదలైనప్పుడు ఒక్కో జట్టుకి ఆటగాళ్ళ కోసం 50 లక్షల డాలర్ల పర్సు. 2025 సీజన్‌కి అది 120 కోట్ల రూపాయలు. యజమాని ఎంత కోటీశ్వరుడైనా సరే, అంతకి మించి పెట్టకూడదు.

అందరికీ ఒకే పర్సు కాబట్టి అందరూ సమానమేనా? 2025 దాకా 18 సీజన్లు జరిగితే ముంబై ఐదు, చెన్నై ఐదు, రెండూ కలిపి పది కప్పులు ఎగరేసుకుపోయాయి. బెంగళూరుకి మొదటి కప్పు 18వ ఏట దొరికింది. ఇది చూసి మా వాళ్ళు "అంతా ముందే మాట్లాడేసుకున్నారండీ" అంటారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే అదే ముంబై 2022లో ఆఖరు, 2024లోనూ ఆఖరు. అదే చెన్నై 2025లో ఆఖరు. మన హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ 2008లో అట్టడుగున ఉండి 2009లో కప్పు కొట్టింది.

జర్మనీ ఫుట్‌బాల్ వైపు చూడండి. బేయర్న్ మ్యూనిక్ 2013 నుంచి 2023 దాకా వరసగా 11 టైటిళ్ళు గెలిచింది. అలాంటి జట్టు అట్టడుగున తేలడం ఊహించండి చూద్దాం. ఇంగ్లండ్‌లో 2016లో లెస్టర్ సిటీ గెలిచినప్పుడు ప్రపంచమంతా ఎందుకు ఎగిరి గంతేసింది? సీజన్ మొదట్లో దాని మీద 5000కి 1 చొప్పున పందెం నడిచింది కాబట్టి.

ఇప్పుడు మన తెలుగు టైటాన్స్. ఈ ముక్క కాస్త బాధగానే చెప్తున్నా.

[స్క్రీన్ మీద: 5 కోట్లలో 2.605 కోట్లు]

ప్రో కబడ్డీ పదో సీజన్‌కి, 2023 వేలంలో జట్టు పర్సు 5 కోట్లు. టైటాన్స్ రైడర్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొంది. పర్సులో సగానికి పైగా ఒక్క మనిషికే. కోర్టులో దిగేది ఏడుగురు. రైడ్‌కి వెళ్ళినవాడు దొరికిపోయి బయట కూర్చుంటే, వాణ్ణి మళ్ళీ లోపలికి తేవడానికి ఎవరో ఒకరు పాయింటు తేవాలి కదా. డిఫెన్స్‌లో పట్టేవాడు ఉండాలి కదా. ఆ సీజన్లో 22 మ్యాచ్‌లు ఆడి టైటాన్స్ గెలిచినవి రెండు. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. దానికి ముందు రెండు సీజన్లు కూడా ఆఖరే. 2025కి వచ్చేసరికి అదే పవన్ తమిళ్ తలైవాస్‌కి 59.5 లక్షలకి వెళ్ళాడు. టైటాన్స్ ఆయన లేకుండా ప్లేఆఫ్స్‌కి చేరింది.

పవన్‌ది తప్పని నేననను. అందరికీ ఒకే ధాన్యం బస్తా ఇచ్చినా ఒకింట్లో సంక్రాంతి దాకా వస్తుంది, ఇంకో ఇంట్లో దీపావళికే అయిపోతుంది. గీత గీయడం వల్ల జరిగేది ఒక్కటే, ఓడిన జట్టుకి "మా దగ్గర డబ్బు లేదు" అనే సాకు పోతుంది.

లక్నో సంగతీ అంతే లెండి. రిషభ్ పంత్‌కి 27 కోట్లు, ఐపీఎల్ వేలంలో అప్పటిదాకా అతి పెద్ద ధర. 2025లో ఏడో స్థానం.

[దృశ్యం: టోర్నమెంట్ కమిటీ, అరుగు మీద నలుగురు, ఒక నోట్‌బుక్.]

మళ్ళీ మా ఊరికి రండి. ఏడు జట్లే వచ్చిన ఏడాది కమిటీ కూర్చుని ఒక రూలు రాసింది. "బయటి ఊరి ప్లేయర్లు ఇద్దరికి మించరాదు." బాగానే ఉంది. అప్పుడొక పెద్దాయన లేచి, "మరి పండక్కొచ్చిన అల్లుళ్ళ మాటేంటండీ? అల్లుణ్ణి బయటివాడంటే ఊరుకుంటారా?" అన్నారు. ఆయ్, న్యాయమే కదా అని, అల్లుళ్ళకి మినహాయింపు రాశారు. మరుసటి సంక్రాంతికి చెరువులాయన జట్టులో నలుగురు అల్లుళ్ళు తేలారు. అందులో ఒకడు పెదనాన్న కూతురి ఆడపడుచు భర్త!

నవ్వకండి. పెద్ద లీగుల్లోనూ అల్లుళ్ళున్నారు. ఐదేళ్ళుగా అంతర్జాతీయ మ్యాచ్ ఆడని భారత ఆటగాణ్ణి "అన్‌క్యాప్డ్", అంటే దేశానికి ఇంకా ఆడనివాడి కింద లెక్కేయొచ్చన్న పాత నిబంధనని ఐపీఎల్ 2025కి మళ్ళీ తెచ్చారు. దాంతో చెన్నై ధోనీని 4 కోట్లకి అట్టేపెట్టుకుంది. ప్రపంచకప్పులు గెలిచిన కెప్టెన్, కాగితం మీద కొత్త కుర్రాడు.

అమెరికాలో ఇంకా పెద్ద అల్లుడున్నాడు. 2023 డిసెంబర్లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టు షొహేయ్ ఒహ్తానీ అనే ఆటగాడితో పదేళ్ళకి 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అప్పటి లెక్కలో దాదాపు 5,800 కోట్ల రూపాయలు. అందులో 68 కోట్ల డాలర్లు 2034 నుంచి 2043 మధ్య, వడ్డీ లేకుండా ఇస్తారు. ఆడే పదేళ్ళూ ఏడాదికి 20 లక్షలే. బేస్‌బాల్‌లో జీతాలకి గట్టి గీత లేదు. ఒక స్థాయి దాటితే పన్ను పడుతుంది, 2025లో ఆ స్థాయి 24.1 కోట్ల డాలర్లు. డబ్బు వెనక్కి జరపడం వల్ల ఒహ్తానీ పేరు మీద పన్ను లెక్కలో పడేది ఏడాదికి 7 కోట్లు కాదు, సుమారు 4.6 కోట్లు. మాకు రొయ్యల మేత అరువు తెలుసు, చెరువు పట్టుబడి అయ్యాక కట్టేది. ఇరవై ఏళ్ళ అరువు మాత్రం ఇప్పుడే చూశాను.

బేస్‌బాల్ ఫైనల్‌ని వరల్డ్ సిరీస్ అంటారు. డాడ్జర్స్ దాన్ని 2024లో గెలిచింది, 2025లో గెలిచింది. ఆ రెండో ఏడు మయామీ జట్టు జీతాలకి పెట్టిన డబ్బు డాడ్జర్స్ పెట్టినదాంట్లో నాలుగో వంతు కూడా లేదు.

అయితే డబ్బుంటే చాలా అంటే, అదీ కాదు. అదే 2025లో న్యూయార్క్ మెట్స్, హువాన్ సోటో అనే ఆటగాడికి 15 ఏళ్ళకి 76.5 కోట్ల డాలర్లు రాసిచ్చి కూడా ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు. 2002లో ఓక్‌లాండ్ జట్టు దాదాపు 4 కోట్ల డాలర్లతో 103 మ్యాచ్‌లు గెలిచింది. న్యూయార్క్ యాంకీస్‌కి అవే 103 గెలవడానికి సుమారు 12.5 కోట్లు పట్టింది. డబ్బున్న జట్టుకి సౌకర్యం ఎక్కడంటే, ఒక కొనుగోలు తప్పినా ఇంకొకటి కొనగలదు. చిన్న జట్టు ఒక్కసారి తప్పితే ఐదేళ్ళు కోలుకోదు. ఎగువ రైతుకి నారుమడి పోతే మళ్ళీ పోసుకుంటాడు, నీళ్ళున్నాయి. శివారు వాడికి ఆ అవకాశం లేదు.

[దృశ్యం: ధవళేశ్వరం బ్యారేజి. తర్వాత కాలువల పటం, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు.]

అసలు తేడా ఎక్కడ పుడుతోందో చూద్దాం. డాడ్జర్స్ 2013లో తన ప్రాంతంలోని టీవీ హక్కుల్ని 25 ఏళ్ళకి 835 కోట్ల డాలర్లకి అమ్ముకుంది. అది పెద్ద నగరం, చూసేవాళ్ళు ఎక్కువ. స్థానిక ఆదాయంలో 48 శాతం ఉమ్మడి ఖాతాలో వెయ్యాలన్న నియమం ఉంది, అయినా మిగిలేది చాలా ఎక్కువ. తూము కాలువ మొదట్లోనే ఉందన్నమాట.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ వేరే దారి పట్టింది. 1961 నుంచి టీవీ హక్కుల్ని జట్లన్నీ కలిపి అమ్మి సమానంగా పంచుకుంటున్నాయి. గ్రీన్ బే అనే ఊరుంది, జనాభా లక్ష పైచిలుకు. మన భీమవరం కంటే చిన్నది. ఆ ఊరి జట్టు ప్యాకర్స్‌కి యజమాని కోటీశ్వరుడు కాడు, జనమే వాటాదారులు. అందుకే లెక్కలు బయట పెడుతుంది. ఉమ్మడి ఆదాయంలో దాని వాటా ఇప్పుడు ఏడాదికి 40 కోట్ల డాలర్లు దాటింది. 2025లో జీతాల గీత 27.92 కోట్లు. ఒక్క టిక్కెట్టు అమ్మకపోయినా జీతాలు వెళ్ళిపోతాయి. ఆ ఊరు 2010 సీజన్ సూపర్ బౌల్, అంటే ఆ లీగ్ ఫైనల్, కూడా గెలిచింది.

డెల్టాలో దీన్ని వంతు అంటాం. పది లక్షల ఎకరాల పైన ఆయకట్టు, దాళ్వాలో నీళ్ళు చాలవు. ఎగువ తూములు కొన్ని రోజులు దించి కిందికి వదులుతారు. కాలువ కాపలా చూసే లస్కరు నిక్కచ్చి అయితే శివారు పండుతుంది, మొహమాటస్తుడైతే ఎండుతుంది.

ఐపీఎల్ నిలబడింది కూడా దీని మీదే. 2023 నుంచి 2027 వరకు మీడియా హక్కులు 48,390 కోట్లు. అందులో పెద్ద భాగం జట్లకి పంచుతారు. 120 కోట్ల పర్సు నింపడానికి అదే సరిపోతుంది. అందరూ వేలం గురించే మాట్లాడతారు గానీ, నా లెక్కలో అసలు పని ఈ పంపకం చేస్తోంది.

[దృశ్యం: చెరువు గట్టు. ఐసు పెట్టెలు, కాటా.]

ఇంకో మాట. జీతాల గీత అనగానే అది సమానత్వం కోసమే అనుకుంటాం. అమ్ముకునేవాడి వైపు నుంచి చూడండి. రొయ్య పట్టుబడి రోజు కొనేవాళ్ళందరూ ముందే కూడబలుక్కుని "50 కౌంట్‌కి (కిలోకి యాభై తూగే రొయ్యకి) ఇంతకి మించి పెట్టం" అంటే మనం దాన్ని సిండికేట్ అంటాం, రోడ్డెక్కుతాం. ఆటగాడికి గీత అచ్చం అలాగే కనిపిస్తుంది. 1994లో బేస్‌బాల్ యజమానులు జీతాలకి గీత పెట్టాలంటే ఆటగాళ్ళు సమ్మెకి దిగారు. 1904 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్ రద్దయింది. ఇప్పటికీ అక్కడ గీత లేదు. వాళ్ళ ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తోంది, మళ్ళీ అదే గొడవ మీద ఉన్నారు.

పంచుకోకుండా గీత మాత్రం గీస్తే మిగిలిన డబ్బు యజమాని జేబులోకి పోతుంది. అక్కడ నేను ఆటగాళ్ళ పక్షమే.

[దృశ్యం: మళ్ళీ అరుగు, నోట్‌బుక్.]

మా కమిటీ మొన్న మళ్ళీ కూర్చుంది. ఈసారి చందాలన్నీ ఒక్క చోట వేసి, ప్రతి జట్టుకీ బంతులు, భోజనం, ఆటో ఖర్చు సమానంగా ఇద్దామన్నారు. చెరువులాయన కూడా సరేనన్నాడు, నిజానికి ఆయనకీ ఆడేవాళ్ళు లేక విసుగొచ్చింది. అల్లుళ్ళని జట్టుకి ఒక్కడికి కుదించారు. అంతా అయిపోయి నోట్‌బుక్ మూస్తుండగా ఆయన మెల్లగా అడిగాడు. "ఏవండీ, నిశ్చితార్థం అయ్యింది, పెళ్ళి మాఘంలో. సంక్రాంతికి వాడు అల్లుడి కిందకొస్తాడా, బయటివాడి కిందకొస్తాడా?"

నోట్‌బుక్ మళ్ళీ తెరిచారు.