టేకు ద్వారబంధంతో స్ట్రాట్: చెక్కకీ పికప్‌కీ జాతకం కలుస్తుందా?

హోస్ట్: నమస్తే. ఈసారి స్టూడియోలో లేం. సికింద్రాబాద్‌లో ఒక మేడ మీద చిన్న గది. గోడకి పదకొండు గిటార్లు వేలాడుతున్నాయి, నాలుగింటికి తీగలు లేవు. మీకు వినిపిస్తున్న గర్రు ఫ్యాన్‌ది, ఆపితే ఇద్దరం ఉడికిపోతాం కాబట్టి భరించండి. నా ఎదురుగా ఉన్న అన్న ఇరవై ఏళ్లకి పైగా ఎలక్ట్రిక్ గిటార్లు బాగుచేస్తున్నారు. పేరు మాత్రం చెప్పొద్దన్నారు.

అన్న: చెబితే ఇంకో పదకొండు వస్తాయి. పెట్టడానికి గోడ లేదు.

హోస్ట్: సరే అన్నా. మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్నతోనే మొదలుపెడతా, గిటార్ బాడీ చెక్కని బట్టి పికప్, అంటే తీగల కింద ఉండి వాటి కదలికని పట్టే కాయిల్, ఎంచుకోవడం గురించి. "నాది బాస్‌వుడ్ గిటార్, ఏ పికప్ వేయాలి? మహాగనికి ఏది పడుతుంది? ఆల్డర్‌కి ఏది?"

అన్న: జాతకాలు కలపడం. మహాగని గొంతు మంద్రం, కాబట్టి కాస్త పదునున్న పికప్. ఆష్ పదును, కాబట్టి మెత్తగా పలికే అల్నికో 2 అయస్కాంతం. మేపుల్ మరీ గట్టి, దానికి ఎక్కువ చుట్లున్న పికప్. ఆల్డర్ మంచి సంబంధం, ఎవరితోనైనా సర్దుకుంటుంది. ఈ పట్టిక అందరి దగ్గరా ఉంది. నేనూ ఒకప్పుడు పెళ్లిళ్ల పేరయ్యలా కలిపేవాణ్ణి.

హోస్ట్: ఇప్పుడు కలపరా?

అన్న: ఇప్పుడు ముందు వెనక మూత విప్పి వైరింగ్ చూస్తా. చెక్క సంగతి చివర్లో.

హోస్ట్: ఒప్పుకోను అన్నా. మన బొబ్బిలి వీణ చూడండి. పనస దుంగ ఏరి, ఒకే కొయ్యలో కుండ, దండి అన్నీ తొలుస్తారు. చెక్కతో పనిలేకపోతే పనసే ఎందుకు?

అన్న: వీణలో చెక్కే స్పీకర్. తీగ ఊగితే అది ఆనుకున్న గుర్రం, అంటే బ్రిడ్జ్, ఊగుతుంది, గుర్రం పైపలకని ఊపుతుంది, కుండలో గాలి కదులుతుంది, అది నీ చెవికి వస్తుంది. మధ్యలో ఇంకేం లేదు. అకూస్టిక్ గిటారూ అంతే. సాలిడ్ బాడీ, అంటే లోపల బోలు లేని గిటార్‌లో నువ్వు వినేది గాలిలో చప్పుడు కాదు తమ్ముడూ, కాయిల్‌లో పుట్టిన కరెంటు. పికప్ అంటే ఏంటి? అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ. స్ట్రాట్, అంటే ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్, దాని పికప్‌లో సుమారు ఎనిమిది వేల చుట్లు. పైన స్టీలు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం చెదురుతుంది, కాయిల్‌లో కరెంటు పుడుతుంది. అదే గిటార్‌కి నైలాన్ తీగలు వేసి వాయించు. ఆంప్‌లో, అదే యాంప్లిఫయర్‌లో, ఏమీ రాదు. చెక్క అదే, పికప్ అదే. పికప్‌కి చెవుల్లేవు, ఇనుము కదిలిందా లేదా అన్నదే దానికి తెలుసు.

హోస్ట్: కానీ కొన్ని పికప్‌ల దగ్గర గట్టిగా మాట్లాడితే ఆంప్‌లో వినిపిస్తుంది కదా. నా పాత గిటార్‌లో వినేవాణ్ణి.

అన్న: అది కాయిల్ వదులుగా ఉండటం. చుట్లు వాటంతటవే వణుకుతాయి. అందుకే మైనంలో ముంచి గట్టిపరుస్తారు. ముంచని పాత తరహా పికప్ అయితే బాడీ వణుకు కూడా కాస్త లోపలికి వస్తుంది. కొందరికి అది ఇష్టం. గెయిన్ ఎక్కువ పెట్టి ఆంప్ ముందు నిలబడితే మాత్రం కీచుమని అరుస్తుంది.

హోస్ట్: అంటే చెక్క పాత్ర సున్నా అంటారా?

అన్న: సున్నా అనను. తీగకి రెండు చివరలూ చెక్కకే కదా కట్టాం. కొన్ని స్వరాల దగ్గర ఆ చెక్క తీగ శక్తిని తాగేస్తుంది, స్వరం టక్కున చచ్చిపోతుంది. డెడ్ స్పాట్ అంటాం. అది కూడా బాడీ కంటే ఎక్కువగా నెక్, అంటే గిటార్ మెడ, పని. ఇంకోటి, ఒకే జాతి చెట్టు నుంచి కోసిన రెండు పలకల మధ్య తేడా ఒక్కోసారి రెండు జాతుల మధ్య తేడా కంటే ఎక్కువ ఉంటుంది. పట్టికలో ఆ గడి ఎక్కడుంది? పైగా అసలు చరిత్ర చూడు. రికెన్‌బాకర్ వాళ్లు 1932లో అమ్మకానికి పెట్టిన ఫ్రైయింగ్ పాన్, మార్కెట్‌కి వచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటార్లలో ఒకటి. దాని బాడీ పోతపోసిన అల్యూమినియం. 1969లో ఆంపెగ్ కంపెనీ డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ డిజైన్‌తో తెచ్చిన గిటార్ బాడీ అద్దంలాంటి ప్లాస్టిక్. దానికి పికప్‌లు సొరుగులా లాగి మార్చుకోవచ్చు. అంటే, అప్పటికే ఎవరికో అర్థమైంది, బాడీ ఉంచి పికప్ మార్చుకుంటే చాలని.

హోస్ట్: ఫెండర్ వాళ్లు ఆష్ వదిలి ఆల్డర్‌కి వెళ్లింది మాత్రం టోన్ కోసమేగా?

అన్న: 1956 ప్రాంతంలో మారారు. ఆష్ చెక్కకి రంధ్రాలు పెద్దవి, రంగు వేసే ముందు ఫిల్లర్ పట్టించాలి, రుద్దాలి. ఆల్డర్‌కి అంత చాకిరీ లేదు. చెక్క గీతలు కనబడాల్సిన బ్లాండ్ రంగుకి మాత్రం ఆష్ ఉంచుకున్నారు. రంగులు వేసే పని ఎప్పుడైనా చేసినవాడికి ఇందులో టోన్ కంటే గరుకు కాగితమే ఎక్కువ కనబడుతుంది.

హోస్ట్: (నవ్వు) సరే, ఆ మూలనున్న గిటార్ సంగతి చెప్పండి. వచ్చినప్పటి నుంచీ దాన్నే చూస్తున్నా.

అన్న: అదా. మా మేనమామ పాత ఇల్లు పడగొట్టేటప్పుడు టేకు ద్వారబంధం తెచ్చుకున్నా. నాకంటే వయసులో పెద్దది. బోయిగూడలో కోత మిషన్ దగ్గరికి తీసుకెళ్తే లోపల మేకు ఉంది, బ్లేడు పళ్లు పోయాయి. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను. పలకలు అతికించి స్ట్రాట్ ఆకారం కోశా. టేకులో సిలికా ఉంటుంది, రూటర్ బిట్లు రెండు మొద్దుబారాయి. నూనె కూడా ఉంటుంది, థిన్నర్‌తో తుడిచిన వెంటనే జిగురు రాయకపోతే అతుకు నిలవదు. అంతా అయ్యాక బాడీ ఒక్కటే 2.8 కిలోలు. అదే ఆకారంలో ఆల్డర్ బాడీ రెండు కిలోల లోపే.

హోస్ట్: మోగిందా మరి?

అన్న: ఆంప్‌కి పెట్టకుండా వాయిస్తే తేడా బాగా తెలుస్తుంది. ఆల్డర్ నీ కడుపుకి ఆనించి పెట్టుకుంటే గుర్రుమంటుంది. టేకు అంత కదలదు. అప్పుడు ఒక పని చేశా. నెక్, బ్రిడ్జ్, పికప్‌లతో సహా పిక్‌గార్డ్ మొత్తం ఒక బాడీ నుంచి ఇంకో బాడీకి మార్చా. రెండుసార్లూ కొత్త తీగలు, ఒకటే రకం సెట్టు. పికప్ ఎత్తు స్కేలు పెట్టి కొలిచి సమానం చేశా. ముగ్గురు దోస్తుల్ని కర్టెన్ అవతల కూర్చోబెట్టా. ఇద్దరు టేకుని ఆల్డర్ అన్నారు. మూడోవాడు టీ ఎప్పుడొస్తుందన్నాడు.

హోస్ట్: ముగ్గురితో తేలిపోతుందా అన్నా?

అన్న: తేలదు. అది ల్యాబ్ ప్రయోగం కాదు, ఆదివారం కాలక్షేపం. కానీ తర్వాతది విను. ఆ టేకు గిటార్‌కే బ్రిడ్జ్ పికప్ స్క్రూలు ఒకటిన్నర చుట్టు తిప్పి పైకి లేపా. ముగ్గురూ ఒక్కసారే "గిటార్ మార్చావా?" అన్నారు.

హోస్ట్: అక్కడికి వద్దాం. స్క్రూడ్రైవర్‌తో ఏం చేయాలి?

అన్న: తీగని నెక్ మీద చివరి ఫ్రెట్, అంటే మెట్టు, దగ్గర నొక్కిపెట్టి పికప్ పైభాగానికీ తీగకీ మధ్య ఎంతుందో స్టీల్ స్కేలుతో చూడు. స్ట్రాట్ తరహాకి సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లు, లావు తీగ వైపు రెండున్నర నుంచి మొదలుపెట్టు. హంబకర్, అంటే రెండు కాయిళ్ల పికప్ అయితే బ్రిడ్జ్ దగ్గర 1.6, నెక్ దగ్గర 2.4. అక్కడి నుంచి చెవితో. సింగిల్ కాయిల్‌ని మరీ దగ్గరికి తెస్తే అయస్కాంతం తీగని లాగుతుంది. పై ఫ్రెట్లలో లావు తీగ ఒకే స్వరంలో రెండు స్వరాలు పలికినట్టు వంకరపోతుంది. మనవాళ్లు గమకాలు ఎక్కువ వేస్తారు కదా, అప్పుడు శ్రుతి తప్పిందని ట్యూనింగ్ కీల మీద నెపం పెడతారు. ఆ కీలు మార్చుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు.

హోస్ట్: ఎత్తు సరిచేసినా మబ్బుగా ఉంటే?

అన్న: పాట్‌లు, అంటే వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పొటెన్షియోమీటర్లు. ఒక అబ్బాయి బాస్‌వుడ్ గిటార్‌తో వచ్చాడు. ఖరీదైన హంబకర్లు వేయించుకున్నాడు, దుప్పటి కప్పినట్టుంది. బాస్‌వుడ్ పేరులో బాస్ ఉంది కాబట్టి బేస్ ఎక్కువ అని ఎవరో నూరిపోశారు. ఆ పేరు చెట్టు బెరడు లోపలి నార నుంచి వచ్చింది, మంద్ర స్వరాలకీ దానికీ సంబంధం లేదు. మూత తీస్తే లోపల 250 కిలో ఓమ్‌ల పాట్‌లు. అవి సింగిల్ కాయిల్‌కి వాడేవి. హంబకర్‌కి 500 కిలో ఓమ్‌లవి కావాలి. విలువ తగ్గేకొద్దీ ట్రెబుల్ గ్రౌండ్‌లోకి కారిపోతుంది. రెండు పాట్‌లు మార్చాం, దుప్పటి లేచింది. వాడి మొహం చూడాల్సింది. పికప్‌లకి పోసింది వేలల్లో, దీనికి అయింది వందల్లో.

హోస్ట్: కోఠీలో దొరుకుతాయా?

అన్న: గుజరాతీ గల్లీలో 500 కిలో ఓమ్‌లది అడిగితే 470ది ఇస్తారు. తీసుకో, పర్వాలేదు. పాట్ విలువలో ఇరవై శాతం అటూ ఇటూ మామూలే, 500 అని రాసున్నది కూడా 440 చూపించొచ్చు. మీటర్ తీసుకెళ్లి అక్కడే కొలిచి ఏరుకో. వాల్యూమ్‌కి 'A' అక్షరం ఉన్న పాట్ అడుగు, 'B' కాదు. బీ అయితే నాబ్ తిప్పినంతసేపూ ఏం మారనట్టుండి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. అయితే షాఫ్ట్ మందం చూసుకోవాలి, లేకపోతే నీ పాత నాబ్ ఎక్కదు. దాని కోసం నేను మూడుసార్లు తిరిగా.

హోస్ట్: చర్చిలో వాయించే ఒక శ్రోత రాశారు. ఇంట్లో ఆంప్‌లో బాగుంటుందట, ఆదివారం నేరుగా మిక్సర్‌కి పెడితే ప్రాణం పోయినట్టుంటుందట. మహాగని బాడీ హాల్లో పనికిరాదా అని అడుగుతున్నారు.

అన్న: పాపం మహాగని. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్, అంటే సిగ్నల్‌కి అది చూపే అడ్డు, సుమారు 10 కిలో ఓమ్‌లు ఉంటుంది. గిటార్ పికప్‌కి ఎదురుగా 1 మెగా ఓమ్ కావాలి. వంద రెట్లు తేడా. పికప్ గొంతు అక్కడే నొక్కేస్తున్నారు. మధ్యలో యాక్టివ్ డీఐ బాక్స్, అంటే గిటార్‌ని మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె గానీ, బఫర్ ఉన్న పెడల్ గానీ పెట్టమను. కేబుల్ కూడా అంతే. మీటరుకి సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్. పికప్ కాయిల్, కేబుల్ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దాన్ని పెంచి మెరుపు తెస్తాయి. స్ట్రాట్‌కి మూడు మీటర్ల కేబుల్‌తో ఆ మెరుపు 5 కిలోహెర్ట్జ్ దగ్గరుంటే, ఆరు మీటర్లతో 4 దగ్గరికి దిగిపోతుంది. ఆ మెరుపు ఎక్కడుందన్నదే చాలామంది "టోన్‌వుడ్", అంటే చెక్క ఇచ్చే గొంతు, అనుకుని మాట్లాడేదాంట్లో పెద్ద వాటా అని నా అనుమానం.

హోస్ట్: ఇవన్నీ చూశాక కూడా పికప్ మార్చాల్సిందే అంటే? చెక్కని బట్టి కాకపోతే దేన్ని బట్టి ఎంచుతారు?

అన్న: మూడు అడుగుతా. ఏం వాయిస్తావు, ఎందులో వాయిస్తావు, ఇప్పుడున్న దాంట్లో నీకు నచ్చనిది ఏంటి. "వెచ్చదనం కావాలి" అంటే నాకు అర్థం కాదు. "పై తీగ చెవిలో గుచ్చుతోంది" అంటే అర్థమవుతుంది. అప్పుడు అల్నికో 5 తీసి అల్నికో 2 వైపు వెళ్లొచ్చు. డిస్టార్షన్‌లో స్వరాలు కలిసిపోతున్నాయంటే తక్కువ చుట్లున్న హంబకర్ వేయి. చాలామంది దానికి ఎక్కువ చుట్లు వేసి ఇంకా ముద్ద చేసుకుంటారు. చుట్లు తక్కువ కాబట్టి 7, 8 కిలో ఓమ్‌లే చూపే హంబకర్‌ని చిన్నచూపు చూడొద్దు, గెయిన్ ఇవ్వడానికి పెడల్ ఉందిగా. ఇక గర్రు బాధ అయితే అది వేరే కథ. సింగిల్ కాయిల్ మన 50 హెర్ట్జ్ కరెంటుని ఎలాగూ పట్టుకుంటుంది. ఎర్తింగ్ సరిగాలేని అపార్ట్‌మెంట్, పైన చవకరకం ఇన్వర్టర్. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు స్ట్రాట్ పట్టుకుంటే కందిరీగల తుట్టె కదిపినట్టే. గిబ్సన్ గిటార్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు 1955లో పేటెంట్‌కి దరఖాస్తు చేసింది దీనికి మందే, హంబకర్. రెండు కాయిళ్లు ఒకదానికొకటి వ్యతిరేకంగా, గర్రు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. 1957కల్లా గిటార్లలోకి వచ్చేసింది.

హోస్ట్: చివరిగా చెక్క. కొత్త గిటార్ కొనేవాడు చెక్కని అసలు చూడొద్దా?

అన్న: చూడాలి, బరువు కోసం. మూడు గంటలు నిలబడి వాయించేవాడికి నాలుగున్నర కిలోలు భుజం మీద ఏం చేస్తాయో పట్టికలో రాయరు. నెక్ ఎలా ఉందో చూడాలి. ఏప్రిల్, మే ఎండకి ఫింగర్‌బోర్డు ఆరి కుంచించుకుంటుంది, ఫ్రెట్ల అంచులు బయటికొచ్చి వేళ్లు గీరుకుంటాయి. వానాకాలం మళ్లీ సర్దుకుంటుంది. ఆంప్‌కి పెట్టకముందు ప్రతి ఫ్రెట్ వాయించి ఎక్కడైనా స్వరం చస్తోందేమో వినాలి. స్క్రూలు పట్టేంత గట్టిదనం ఉండాలి. ఒకాయన కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికితో గిటార్ చేద్దామన్నాడు. బాగుంటుంది, ఈకలా ఉంటుంది. బ్రిడ్జ్ స్క్రూలు నెలకోసారి నీ చేతిలోకి వస్తాయి, అంతే. ఇక తక్కువ ధర గిటార్ మీద మహాగని అని రాసుంటే అది నేటో అనే వేరే చెక్క కావచ్చు, ఇంకేదో కావచ్చు. లోపలున్న చెట్టేదో తెలియకుండా దానికి జాతకం ఎవరితో కలుపుతాం?

హోస్ట్: నా గిటార్ తెచ్చా అన్నా. ఒకసారి చూస్తారా? ఆల్డరే. బ్రిడ్జ్ పికప్ పల్చగా ఉంది, మార్చేద్దామని.

అన్న: ఇటివ్వు. (తీగ నొక్కిన చప్పుడు) నాలుగు మిల్లీమీటర్లుంది తమ్ముడూ. పికప్ బాడీలోకి దిగిపోయి దాక్కుంది. ఆ ప్లస్ స్క్రూడ్రైవర్ అందుకో, చిన్నది... ఇప్పుడు వాయించు.

(గిటార్)

హోస్ట్: అయ్యో.

అన్న: ఎన్నేళ్లయింది కొని?

హోస్ట్: ఆరేళ్లు. ఈ ముక్క ఎడిట్‌లో తీసేస్తా.

అన్న: తియ్యకు.

హోస్ట్: ఆ టేకుది అమ్ముతారా మరి?

అన్న: ముందు మోసి చూడు. కిందికి రెండంతస్తులు, లిఫ్ట్ లేదు.