పాదిరీ, ప్రొఫెసర్, నవలాకారుడు: కింగ్స్లీని ఏం చేద్దాం?

సంచాలకుడు: నమస్కారం. పాత పుస్తకాల్లోని జాతి దూషణలను కొత్త ముద్రణల్లో ఉంచాలా, తీసేయాలా అన్న గొడవ మళ్లీ రేగింది. అందుకే ఈరోజు పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ కింగ్స్లీ. హాంప్‌షైర్‌లోని ఎవర్స్లీలో పాదిరీ, 1860 నుంచి 1869 దాకా కేంబ్రిడ్జిలో చరిత్ర ఆచార్యుడు. నా ప్రశ్న ఒక్కటే: నవలలు రాసే మనిషికి చరిత్ర పీఠం ఎలా ఇచ్చారు?

విమర్శకుడు: అది పెద్ద విషయం కాదండీ. 1860లో ఐర్లండ్ వెళ్లి, అక్కడి పేదలను చింపాంజీలంటూ భార్యకు ఉత్తరం రాశాడు. కరవుకు చితికిపోయిన జనం!

అధ్యాపకురాలు: ఆ ఉత్తరాన్ని నేనూ సమర్థించను. కానీ అంతకు పదేళ్ల ముందే ‘ఆల్టన్ లాక్’ నవలలో లండన్ దర్జీల దుస్థితిని...

విమర్శకుడు: దర్జీల మీద జాలి సరే, జమైకా మాటేమిటి? 1865లో, బ్రిటిష్ పాలనలో ఉన్న ఆ ద్వీపంలో మోరంట్ బే తిరుగుబాటును అణచేటప్పుడు నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. అణచివేయించిన గవర్నర్ ఐర్ పక్షాన నిలిచాడు మీ పాదిరీ!

అధ్యాపకురాలు: నా పాదిరీ ఎందుకవుతాడు? నన్ను వాక్యం పూర్తి చేయనివ్వండి. 1863లో ‘వాటర్ బేబీస్’ వచ్చింది. పొగగొట్టాలు తుడిచే పిల్లవాడి కథ. మరుసటి ఏడాదే అలాంటి పిల్లల కోసం చట్టం...

విమర్శకుడు: అది పనిచేయకనే కదా 1875లో ఇంకో చట్టం తెచ్చారు!

సంచాలకుడు: నవలాకారుడు చరిత్ర చెబితే ఊహ కలవదా అని నా సందేహం.

కథా రచయిత: కలిస్తే ఏం? జీవపరిణామం మీద డార్విన్ రాసిన పుస్తకాన్ని మొదట్లోనే మెచ్చుకున్న మతగురువుల్లో ఈయన ఒకడు. మెచ్చుకుంటూ ఈయన రాసిన ఉత్తరంలోని మాటను డార్విన్ రెండో ముద్రణలో చేర్చుకున్నాడు. ఇంకో తమాషా, ‘వెస్ట్‌వర్డ్ హో!’ నవల పేరునే డెవన్‌లో ఒక ఊరికి పెట్టారు, ఆశ్చర్యార్థకంతో సహా.

సంచాలకుడు: ఊరి పేరులో ఆశ్చర్యార్థకమా? బోర్డు మీద కూడానా?

కథా రచయిత: బోర్డు మీద కూడా.

విమర్శకుడు: ఊళ్లు తర్వాత! ఆ నవల నిండా కాథలిక్కుల మీద ద్వేషమే. 1864లో ఒక చరిత్ర గ్రంథాన్ని సమీక్షిస్తూ, కాథలిక్ మతగురువు న్యూమన్‌కు సత్యమంటే లెక్కలేదని రాశాడు. న్యూమన్ ఏకంగా ఆత్మకథ రాసి నోరు మూయించాడు.

సంచాలకుడు: చూశారా! చరిత్ర ఆచార్యుడు, ఆధారం లేని మాట. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే.

అధ్యాపకురాలు: సమానంగా సమయం ఇస్తామన్నారు. తీసేయాలా వద్దా అన్నది ఇంకా మొదలే పెట్టలేదు.

సంచాలకుడు: సమయం అయిపోయింది మేడమ్. సార్, మీరు ఒక్క మాటలో.

విమర్శకుడు: ఒక్క మాట కాదు, మూడు విషయాలు. మొదటిది, ఐర్లండ్ ఉత్తరం...