కొలంబో ‘మా ఆవిడ’ నిజంగా ఉందా? పాత షో, ముదిరిపోయిన థియరీ

నమస్తే అండీ. ఇవాళ్టి వీడియో ఒకావిడ గురించి. 69 ఎపిసోడ్ల షోలో ఆవిడ మొహం ఒక్కసారి కూడా చూపించలేదు. పేరేంటో చెప్పలేదు. కానీ ఆవిడ ఏ పాట వింటుందో, ఎవరి అభిమానో, ఏ విషయంలో మొగుణ్ణి సతాయిస్తుందో మాత్రం మనకి బాగా తెలుసు. ఎందుకంటే ఆ మొగుడు ఎవరింటికెళ్లినా ‘మా ఆవిడ, మా ఆవిడ’ అంటూనే ఉంటాడు.

ఆయనే లెఫ్టినెంట్ కొలంబో. లాస్ ఏంజెలెస్ పోలీసు, హత్య కేసులు చూస్తాడు. నలిగిపోయిన రెయిన్ కోటు, చేతిలో చుట్ట, డొక్కు పెజో కారు, ‘డాగ్’ అనే పేరున్న కుక్క. వేషం పీటర్ ఫాక్‌ది. 1968లో ఒక టీవీ సినిమాతో మొదలెట్టి 2003 దాకా లాగాడు. చూడనివాళ్ల కోసం ఒక ముక్క: ఈ షోలో హంతకుడెవరో మొదట్లోనే చూపించేస్తారు. కాబట్టి స్పాయిలర్లని నన్ను తిట్టకండి, ఆ పని వాళ్లే చేశారు. హంతకుడు దాదాపు ఎప్పుడూ డబ్బున్నవాడు, చదువుకున్నవాడు, పెద్ద బంగళా ఉన్నవాడు. వాడి దృష్టిలో ఈ పోలీసు ఒక వెర్రిబాగులవాడు. మిగతా గంటా వాణ్ణి ఎలా పట్టుకుంటాడన్నదే కథ.

ఇక థియరీ. కొలంబోకి అసలు పెళ్లే కాలేదట. ‘మా ఆవిడ’ అనేది ఎదుటివాణ్ణి ఏమరపాటులో పడేయడానికి ఆయన కల్పించుకున్న మనిషట.

మొదటిసారి ఇది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే భార్య పేరేంటో చెప్పకుండా ముప్పై అయిదేళ్లు నెట్టుకురావడం మనకి వింతేం కాదు కదండీ. మా నాన్న ఇన్సూరెన్స్ ఏజెంటుని పంపించడానికి ఎప్పుడూ ఒకటే మాట వాడేవారు: “ఇంట్లో అడిగి చెప్తానండీ.” అమ్మ వంటింట్లోంచి వింటూనే ఉండేది. ఆయన అడిగింది లేదు, ఆవిడ చెప్పింది లేదు. ఏజెంటు మాత్రం మా అమ్మ చాలా గట్టి మనిషి అనుకుని వెళ్లిపోయేవాడు. అంటే మా అమ్మ నిజంగా ఉంది, మా నాన్న మాటల్లోని ‘ఇంట్లో’ మాత్రం కల్పితం. కొలంబో విషయంలో నా అనుమానం కూడా సరిగ్గా ఇదే. కానీ ముందు సాక్ష్యాలు చూద్దాం.

1975లో ‘ట్రబుల్డ్ వాటర్స్’ అని ఒక ఎపిసోడ్ ఉంది. చర్చి వాళ్ల లాటరీలో ఆవిడకి టికెట్లు తగిలి, మొగుడూ పెళ్లాం ఓడెక్కుతారు. ఎక్కాక ఆవిడ ఎటెళ్లిందో తెలీక ఈయన ఓడంతా వెతుక్కుంటాడు. లేని భార్య కోసం, ఇంకా హత్యే జరగని ఓడలో, ఎవరి ముందు నటిస్తున్నట్టు? ఈ ప్రశ్నకి థియరీ వాళ్ల దగ్గర సరైన జవాబు లేదు.

అదే ఏడాది ‘ఐడెంటిటీ క్రైసిస్’. ఇందులో హంతకుడు ఒక గూఢచారి, వేసింది పాట్రిక్ మెక్‌గూహన్. మాటల మధ్యలో ‘మేడమ్ బటర్‌ఫ్లై’ ఒపేరా కొలంబో భార్యకి చాలా ఇష్టమని వాడు అనేస్తాడు. అది వాడికెలా తెలిసింది? ఇంట్లో రహస్యంగా మైకులు పెడితే తప్ప తెలిసే దారి లేదు. కొలంబోకి అక్కడే వెలుగుతుంది. బయట ఎవరూ లేనప్పుడు, సొంత ఇంట్లో, ఆవిడ కోసం మోగిన రికార్డు అది. భార్య ఉందనడానికి నాకు తెలిసిన సాక్ష్యాల్లో గట్టిది ఇదే.

అన్నట్టు, ఈ ఎపిసోడ్‌లో ఇంకో చమక్కు ఉంది. ఆ గూఢచారి ఎవరి దగ్గరైనా సెలవు తీసుకునేటప్పుడు “బీ సీయింగ్ యూ” అంటాడు. మెక్‌గూహన్ 1967లో చేసిన ‘ది ప్రిజనర్’ షోలో అందరి నోటా వినపడే మాట అది. అందులోనూ ఆయన మాజీ గూఢచారే. పైగా ఈ కొలంబో ఎపిసోడ్‌కి దర్శకుడు కూడా ఆయనే. ఇది కాకతాళీయం అంటే నేను నమ్మను.

1979లో ఇంకో విచిత్రం జరిగింది. ఈసారి అభిమానులు కాదు, చానలే థియరీలోకి దిగింది. ఎన్‌బీసీ వాళ్లు ‘మిసెస్ కొలంబో’ అని విడిగా షో మొదలెట్టారు. భార్య పాత్రలో కేట్ మల్‌గ్రూ. ఆవిడ పుట్టింది 1955లో, పీటర్ ఫాక్ పుట్టింది 1927లో. మీరే లెక్కేసుకోండి. కొలంబోని సృష్టించిన రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ ఇద్దరికీ ఇది అస్సలు నచ్చలేదు. షో పేరు మార్చారు, తర్వాత పాత్ర ఇంటిపేరే మార్చేశారు, 13 ఎపిసోడ్లకి మూతపడింది. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని నా మనవి.

సరే, అసలు ఈ అబద్ధాల బుద్ధి కొలంబోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? దీనికి థియరీ అక్కర్లేదు, రాసినవాళ్లే చెప్పారు. దస్తయేవ్‌స్కీ ‘నేరము–శిక్ష’లో పోర్ఫిరీ పెత్రోవిచ్ అనే విచారణాధికారి ఉంటాడు. కొలంబోకి ఆయన ఒక మూలం. ఎంత దగ్గరి పోలికో తెలియాలంటే ఒక్క సీన్ చూడాలి.

నవల హీరో రాస్కోల్నికోవ్ ఒక ముసలామెని చంపాడు. ఆమె దగ్గర తాకట్టు పెట్టిన వస్తువుల వంకతో స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని పోర్ఫిరీ దగ్గరికెళ్తాడు. మాటలయ్యాయి, గుమ్మం దాటబోతున్నారు. అప్పుడు పోర్ఫిరీ ఏదో గుర్తొచ్చినట్టు అడుగుతాడు: మీరు ఆ ఇంటికి సాయంత్రం ఏడూ ఎనిమిది మధ్య వెళ్లారు కదా, రెండో అంతస్తులో రంగులేసేవాళ్లు కనిపించారా? రాస్కోల్నికోవ్ ఒక్క క్షణం ఆలోచించి, గుర్తులేదంటాడు. స్నేహితుడు అడ్డుపడతాడు: రంగులేసింది హత్య జరిగిన రోజు కదా, వీడు వెళ్లింది మూడు రోజుల ముందు! వెంటనే పోర్ఫిరీ నుదురు కొట్టుకుంటాడు. అయ్యో, కలగాపులగం చేసేశాను, క్షమించండి అంటాడు.

చూశారా? “చూశాను” అనుంటే ఆ పూటే దొరికిపోయేవాడు. వల వేసింది గుమ్మం దగ్గర. పడకపోయేసరికి తన మతిమరుపు మీదకి తోసేశాడు. 1866 నాటి నవల అండీ ఇది. రెయిన్ కోటు ఒక్కటే తక్కువ.

తమాషా ఏంటంటే, కొలంబో గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి “ఇంకొక్కటండీ” అనే ఆ ఫేమస్ అలవాటు మాత్రం నవల చూసి పెట్టలేదు. లెవిన్సన్, లింక్ ముందు దీన్ని నాటకంగా రాశారు. ఒక సీన్ పొట్టిగా వచ్చింది, కొలంబో అప్పటికే వెళ్లిపోయాడు. టైప్‌రైటర్ కాలం కదా, మళ్లీ మొత్తం కొట్టడానికి బద్ధకమేసి, ఆయన్నే వెనక్కి పిలిచారు. లింక్ స్వయంగా చెప్పిన మాట. నేనైతే పోర్ఫిరీ నుంచే తెచ్చారని ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. పోలిక కనపడినంత మాత్రాన కారణం కనపడినట్టు కాదని నాకు తెలిసొచ్చింది అక్కడే.

ఇంకో పిట్టకథ. కొలంబో మొదటి పేరు ఎవరూ పలకరు. 1971 ఎపిసోడ్ ఒకదాంట్లో ఆయన గుర్తింపు కార్డుని పాజ్ చేసి చూస్తే ‘ఫ్రాంక్’ అని ఉంటుంది. కానీ ఫ్రెడ్ వర్త్ అనే ఆయన తన ట్రివియా పుస్తకంలో ‘ఫిలిప్’ అని రాశాడు. పొరపాటు కాదు, కావాలనే. ఎవడైనా కాపీ కొడితే దొరకాలని. తర్వాత ‘ట్రివియల్ పర్స్యూట్’ అనే క్విజ్ ఆటలో కొలంబో పేరు ఫిలిప్ అని వచ్చింది! 1984లో వర్త్ 30 కోట్ల డాలర్లకి దావా వేశాడు. ఓడిపోయాడు. సమాచారం ఎవడబ్బ సొత్తూ కాదని కోర్టు తేల్చేసింది. వల వేసి చేపని పట్టి కూడా ఇంటికి తెచ్చుకోలేకపోయాడు పాపం. వర్త్‌కి కొలంబో ట్రిక్కు పనిచేయలేదన్నమాట.

మళ్లీ మన ఆవిడ దగ్గరికొద్దాం. నేను ఈ నెలంతా కాగితం పెన్నూ పట్టుకుని పాత ఎపిసోడ్లు చూశాను. భార్య ఉందా లేదా అని కాదు, ఆవిడ మాట ఎవరి ముందు వస్తోంది అని. ఎక్కువగా హంతకుడి ముందే. హంతకుడు పెద్ద మనిషైతే ఆవిడ వాళ్ల అభిమాని అయిపోతుంది. వాడు విసుక్కుంటే ఆవిడ కూడా తనని అలాగే విసుక్కుంటుందంటాడు. పెళ్లాం చేత తిట్లు తినే మొగుణ్ణి చూసి ఎవడికి భయమేస్తుంది? ఆ లెక్కన థియరీ వాళ్లు సగం దాకా కరెక్టే. ఆవిడ చెప్పిందన్నవన్నీ ఆవిడ చెప్పుండదు.

కానీ నా కాగితం మీద ఒక ఎంట్రీ ఈ లెక్కకి లొంగలేదు. ‘మర్డర్ బై ద బుక్’, 1971. దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్, అప్పటికి 24 ఏళ్ల కుర్రాడు. కలిసి డిటెక్టివ్ నవలలు రాసే ఇద్దరు రచయితల్లో ఒకడు రెండోవాణ్ణి చంపేస్తాడు. (లెవిన్సన్, లింక్ కూడా చిన్నప్పటి నుంచీ జంటగా రాసినవాళ్లే. ఈ కథ ఓకే చేస్తూ ఒకరి మొహం ఒకరు చూసుకునుంటారా అని నాకో అనుమానం.)

చనిపోయినవాడి భార్య జొయానా భయంతో బిగుసుకుపోయి ఉంటుంది. కొలంబో ఆమెని ఇంటికి తీసుకెళ్తాడు. ప్రశ్నలు పక్కన పెట్టి నేరుగా వంటింట్లోకెళ్తాడు. తనకి వంట రాదని, ఆమ్లెట్ ఒక్కటి మాత్రం బ్రహ్మాండంగా వేస్తానని, ఆ సంగతి మా ఆవిడ కూడా ఒప్పుకుంటుందని చెప్తూ గుడ్లు కొడతాడు. ఎదురుగా ఉన్నది హంతకురాలు కాదు. ఆమె మీద అనుమానం లేదు, వల వేయాల్సిన పని లేదు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరూ వంట చేయరని తెలిసి, ఆమె చేత రెండు ముద్దలు తినిపించాలని చూస్తున్నాడంతే.

ఆ సీన్‌లో ఆయన మొహం చూసి, ‘మా ఆవిడ’ అన్నప్పుడు అబద్ధం ఆడుతున్నాడో లేదో మీరే కామెంట్‌లో చెప్పండి.