పెండ్లి పత్రికలు కొట్టిన కంప్యూటర్లు

శ్రోతలకు నమస్కారం.

మన దక్షిణ తెలంగాణకు కంప్యూటర్ ఎట్లా వచ్చిందని అడిగితే చాలామంది హైటెక్ సిటీ నుంచి మొదలుపెడతారు. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన మాట నిజమే. కానీ మాదాపూర్‌లో ఆ అద్దాల మేడ లేవకముందే నల్లగొండ, మహబూబ్‌నగర్ బజార్లలో, జిరాక్స్ మిషన్ పక్కన, కంప్యూటర్ వచ్చి కూర్చుంది. దాన్ని తెచ్చినవాళ్లు చిన్న దుకాణదారులు. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాళ్లు, ఎస్టీడీ బూత్ పెట్టుకున్నవాళ్లు అప్పో సప్పో చేసి ఒక సిస్టమ్, ఒక ప్రింటర్ కొన్నారు. ఈ రోజు వాళ్ల గురించే చెప్పాలని ఉంది.

1991లో దేశం మొత్తానికి ఉన్న ఫోన్లు సుమారు 50 లక్షలు. జనాభా 84 కోట్లు. ఫోనే లేని ఇంటికి ఇంటర్నెట్ ఎక్కడినుంచి వస్తుంది? 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినా, అది ముందు మహానగరాలకే. 1998 చివరలో ప్రైవేటు కంపెనీలకు అనుమతి వచ్చాక జిల్లా కేంద్రాల్లో నెట్ సెంటర్ బోర్డులు లేచాయి. ఆ ఏడాది నవంబర్‌లోనే రిజిస్ట్రేషన్ శాఖ ‘కార్డ్’ పేరుతో ఉమ్మడి రాష్ట్రంలో 214 ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టింది. భూమి కాగితం కోసం పోయిన రైతు మొదటిసారి కంప్యూటర్‌ను చూసింది చాలా చోట్ల అక్కడే.

నెట్ ఫోను తీగ మీదే నడిచేది. నంబర్ కలిపితే, కంప్యూటర్‌ను ఫోను తీగకు కలిపే మోడెం కాసేపు కీచుమని, గరగరమని అరిచి లైన్‌లో పడేది. 56 కిలోబిట్ల మోడెం పూర్తి వేగంతో పనిచేసినా ఒక మెగాబైటు ఫైలు దిగడానికి రెండు నిమిషాలకు పైనే. మన లైన్ల మీద ఆ వేగం వచ్చిందెప్పుడు? మధ్యలో కరెంటు పోయేది. వోల్టేజీ పడిపోతే యూపీఎస్ కూత పెట్టేది.

అట్లాంటి సెంటర్‌లోనే పదో తరగతి ఫలితాలు చూసుకున్నాం. హాల్ టికెట్ నంబర్లు రాసిన చీటీలు పట్టుకుని పిల్లలు, వాళ్ల వెనక తల్లిదండ్రులు. “జర మా పిల్లది చూడు తమ్మీ” అని ఒకాయన చీటీ ముందుకు జరిపేవాడు. పేజీ పైనుంచి కిందికి ఒక్కో ముక్కే తెరుచుకునేది. పేరు కనబడుతుంది, మార్కులు ఇంకా రావు. ఆ కాసేపు గదిలో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఆపరేటర్ తల తిప్పి “పాసయింది పెద్దనాన్నా” అనేదాకా టెన్షనే.

అయితే ఆ దుకాణాలకు అన్నం పెట్టింది ఇంటర్నెట్ కాదు, తెలుగు టైపింగ్. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, దరఖాస్తులు. వాటితోపాటు మన కవుల, కథకుల పుస్తకాలు, ఊరి చరిత్రలు, చిన్న పత్రికలు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ తెరిచి, ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో, కీబోర్డు మీద ఉన్న ఇంగ్లీషు అక్షరం చూడకుండానే తెలుగు కొట్టేవాళ్లు. ఏ మీట నొక్కితే ఏ ఒత్తు పడుతుందో వేళ్లకే తెలుసు. రచయిత చేతిరాతలో తప్పుంటే పట్టుకుని దిద్దిన ఆపరేటర్లు ఎందరో. వాళ్ల పేరు ఏ పుస్తకం అట్ట మీదా లేదు.

ఇక్కడే నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. ఆ ఫైళ్లలో నిజానికి తెలుగు లేదు. కంప్యూటర్ ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంఖ్యలనే దాచుకుంది. ఫాంటు వాటిమీద తెలుగు బొమ్మలు వేసి చూపించింది, అంతే. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంకాని గీతలు. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఆ పద్ధతిలో నడిచే గౌతమి అనే తెలుగు ఫాంటు విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. కానీ అచ్చు పని మాత్రం చాలాకాలం పాత ఫాంట్లలోనే సాగింది. అందుకే ఆ ఏళ్లలో పాలమూరులో, నల్లగొండలో అచ్చయిన పుస్తకంలోని వాక్యం ఈ రోజు మీరు ఫోన్‌లో వెతికితే దొరకదు. మన వలస కథలు, ఫ్లోరైడ్ పోరాటాల కరపత్రాలు ఎన్ని ఆ ఫ్లాపీల్లో, సీడీల్లో ఆగిపోయాయో!

మార్చే దారి ఉంది. పాత ఫాంటును యూనికోడ్‌లోకి తెచ్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తులు, సున్నాల దగ్గర తప్పులు వస్తాయి కాబట్టి, తెలిసిన మనిషి కూర్చుని సరిచూడాలి. ఆ తెలిసిన మనుషులు మన ఊళ్లలోనే ఉన్నారు, ఆనాడు కంప్యూటర్ మీద తెలుగు కొట్టిన డీటీపీ ఆపరేటర్లే. జిల్లా గ్రంథాలయాలు వాళ్లను పిలిచి, తగిన డబ్బిచ్చి ఈ పని చేయించాలి. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల విద్యార్థులు చేయి కలపాలి. వింటున్నవాళ్లలో ఎవరింట్లోనైనా అటక మీద ఆ కాలం కంప్యూటర్ ఉంటే, పాత సామాను కింద తూకానికి వేయకముందు అందులో ఏముందో ఒక్కసారి తెరిపించి చూడండి.

నమస్కారం.