చైనా పార్టీ పదోన్నతుల అంచనా సర్వీసు రివ్యూ: వయసు ఒక్కటే చూస్తే ఎలా?

నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ సర్వీసును మూడు నెలలు వాడి చూడమని వాళ్లే ఉచితంగా ఇచ్చారు. చైనా కమ్యూనిస్టు పార్టీ 2027 మహాసభలో ఎవరెవరు పైకి వస్తారో మార్కులు వేసి చెప్పే వెబ్‌సైటు ఇది. ధరలు, ప్లాన్లు మీరు చూసే ఉంటారు. వాటి జోలికి వెళ్లను.

పేరు నొక్కగానే ఆ నాయకుడు ఎవరి దగ్గర, ఎక్కడ, ఎన్నేళ్లు పనిచేశాడో నాకు కనిపించాలి. ఇక్కడ ముందు వచ్చేది పెద్ద అంకెల్లో వయసు! 68 వస్తే పేరు ఎర్రబడుతుంది, మార్కులు సగానికి పడిపోతాయి. "ఏడు పైకి, ఎనిమిది కిందికి" అని చైనాలో ఒక మాట ఉంది. మహాసభ నాటికి 67 ఏళ్లుంటే ఉండవచ్చు, 68 వస్తే తప్పుకోవాలి. అది ఆనవాయితీయే తప్ప రాసిపెట్టిన నిబంధన కాదు. 2022 మహాసభలో దానికి ఏ గతి పట్టిందో చూడండి. 72 ఏళ్ల సైనిక నాయకుడు జాంగ్ యూషియా, పార్టీని నడిపే చిన్న బృందమైన పొలిట్‌బ్యూరోలో కొనసాగారు. 69 నిండిన అప్పటి విదేశాంగ మంత్రి వాంగ్ యీ కొత్తగా వచ్చి చేరారు. 67 ఏళ్లే ఉన్న అప్పటి ప్రధాని లీ కెచియాంగ్, మరో అగ్రనేత వాంగ్ యాంగ్‌లకు పొలిట్‌బ్యూరోను ఎన్నుకునే కేంద్ర కమిటీలోనే చోటు లేకపోయింది.

ఆ మహాసభ ముగిసిన మరునాడు, అక్టోబరు 23, నాకు బాగా గుర్తు. ఆదివారం. మరునాడు దీపావళి. మధ్యాహ్నం మెల్‌బోర్న్‌లో భారత్, పాకిస్థాన్ మ్యాచ్. ఇల్లంతా ఆ హడావిడిలో ఉంటే నేను పొద్దున్నే నా నోట్‌బుక్కు పట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. పొలిట్‌బ్యూరోలోనూ అందరికంటే పైనుండే కొత్త స్థాయీ సంఘంలోని ఏడుగురూ వరుసగా నడిచి వస్తారు. ఆ వరుసే వాళ్ల హోదా. జిన్‌పింగ్ వెనకే లీ చియాంగ్! ఆ ఏడాదే షాంఘై లాక్‌డౌన్‌తో జనం ఆగ్రహం చూసిన మనిషి, ఉప ప్రధానిగా ఒక్కరోజైనా చేయని మనిషి. తర్వాతి మార్చిలో ఆయనే ప్రధాని. నా పుస్తకంలో ఆయన పేరు పక్కన ఎర్ర గీత ఉంది, అంటే జిన్‌పింగ్ దగ్గర పనిచేసిన మనిషి అని: జెజియాంగ్, 2004 నుంచి 2007 వరకు, అక్కడి పార్టీ కార్యదర్శి జిన్‌పింగ్ దగ్గర ప్రధాన సహాయకుడు. హు చున్‌హువా పక్కన ఆ గీత లేదు. అప్పటికి 59 ఏళ్లు, ఉప ప్రధాని, గ్వాంగ్‌డాంగ్‌ను నడిపిన అనుభవం. అన్నీ ఉన్నా పొలిట్‌బ్యూరో నుంచే పోయారు. అంతకుముందు 25 మంది ఉన్న పొలిట్‌బ్యూరో 24 మందితోనే ఏర్పడింది.

ఎవరు ఎవరి దగ్గర పనిచేశారన్న సమాచారం ఈ సర్వీసులో లేదా అంటే, ఉంది. నాలుగో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో. నేను ఇంతకుముందు వాడిన సర్వీసు చూడటానికి బాగుండేది కాదు కానీ, రాష్ట్రాన్ని ఎంచుకుంటే ఆ ఏళ్లలో అక్కడ కలిసి పనిచేసిన వాళ్లందరినీ ఒకేచోట చూపించేది.

ఒకటి మాత్రం నాకు చాలా నచ్చింది. ఫలానా నాయకుడు బహిరంగంగా కనిపించి ఎన్ని రోజులైందో లెక్కపెట్టే పట్టిక. చిన్ గాంగ్ విదేశాంగ మంత్రి అయిన ఏడు నెలలకే, 2023 జులైలో పదవి పోయింది. అంతకుముందు నెల రోజులు ఎక్కడా కనిపించలేదు. సైనిక నాయకుడు హె వీడాంగ్ 2022లో నేరుగా పొలిట్‌బ్యూరోలోకి దూకారు. 2025 మార్చి తర్వాత కనిపించలేదు, అక్టోబరులో పార్టీ బహిష్కరించింది. జిన్‌పింగ్‌తో దగ్గరితనం పైకి తెస్తుంది కానీ కాపాడుతుందన్న భరోసా లేదు. అందుకే రోజూ పొద్దున ఈ పట్టిక చూస్తున్నాను.

మార్కుల కోసం డబ్బు కట్టకండి. పట్టిక ఒక్కటే విడిగా అమ్మితే నేను ఈరోజే కడతాను. తయారుచేసినవాళ్లు ఈ వీడియో చూస్తుంటే, ఆ నాలుగో పేజీని మొదటికి తీసుకురండి.